జాకీ కింది చెక్క

వెల్డా మోకాళ్ల మీద కూర్చుని, ట్రైలర్ రెండో గొలుసును మొదటి గొలుసు కిందుగా అడ్డంగా తీసి కొక్కేనికి తగిలించింది. పెట్రోలు బంకు కంకర మోకాళ్లకు గుచ్చుకుంటోంది. అరవై ఏడేళ్ల మనిషి, ఒళ్లు కాస్త భారీ. మోచేతుల నుంచి మణికట్ల దాకా నూనె చింది పడిన మచ్చలు. ట్రైలర్ అంచు పట్టుకుంటే గాని పైకి లేవలేకపోయింది.

"చెక్క తీశావా?" అన్నాడు లమార్, ట్రక్కు కిటికీలోంచి తల బయటపెట్టి.

తియ్యలేదు. పెళ్లైన కొత్తలోనూ మరిచిపోయేది, ఇప్పుడూ అంతే. జాకీ పాదం నేలలోకి దిగబడకుండా కింద పెట్టే దేవదారు దిమ్మ అది. ఏళ్ల తరబడి బరువు మోసి మోసి దాని నడుమ గుండ్రంగా గుంట పడింది. వెల్డా మళ్లీ వంగి దాన్ని తీసి ట్రక్కు తొట్టి మూలకి విసిరింది.

"తీస్తున్నాగా."

"తీస్తావులే. నేను అడక్కపోతే ఈపాటికి ఐడహో నిండా మన చెక్కలే ఉండేవి."

ముందు ట్రక్కు, దాని తొట్టిలో ముక్కు ఆనించి చక్రాల ఇల్లు, ఇంటి తోకకి చక్రాల కొట్టు. వేసవి మొత్తం వాళ్ల బతుకు ఇలా బారుగా రోడ్డు మీదే సాగుతుంది. జాతర జరిగే ప్రతి ఊళ్లో కొట్టు తెరిచి ఏనుగు చెవులు వేయిస్తారు. పిండిముద్దని పళ్లెమంత చేసి, నూనెలో పొంగించి, చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లి చేతికిస్తే పిల్లలు మూతి నిండా పూసుకుని తింటారు. వేయించేది వెల్డా, బండి నడిపేది లమార్. చలికాలంలో అతని గుండె సగం పని మానేసింది. బరువెత్తొద్దు, తొయ్యొద్దు, ఏదీ తిప్పొద్దు అన్నారు డాక్టర్లు. బండి నడపడమూ వెల్డా మీదే పడింది. ఇక మిగిలింది చూడటమే కదా అని, అప్పట్నుంచి అతను వెల్డా చేసే ప్రతి పనీ చూస్తూ కూర్చుంటున్నాడు.

బరువైంది ముందు, తేలికైంది వెనక. మలుపు దగ్గర రోడ్డంతా నీదే అనుకుని తిప్పు. బయటికి దారి కనపడని చోట దూరకు, ఎందుకంటే రెండు ట్రైలర్లతో వెనక్కి రావడం కుదరదు. రెండు బారలు వెనక్కి వచ్చావంటే కొట్టు అడ్డం తిరిగి ఇంటిని పొడుస్తుంది. ఇవన్నీ లమార్ నూరిపోసినవే. అయినా ఇవాళ పొద్దున వెల్డా అచ్చం అలాంటి చోటే దూరింది. బంకుకి అవతలి వైపు పాల ట్యాంకరు అడ్డంగా చచ్చి పడుంది. కొట్టు విప్పి, ఇల్లు తిప్పి, మళ్లీ కొట్టు తగిలించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇవాళ ఆలస్యం అయ్యే వీల్లేదు. నది అవతల వాషింగ్టన్ రాష్ట్రం వైపు జాతరలో, గుర్రప్పందేల బరి పక్క మూల ఎప్పట్నుంచో వీళ్లది. ఈసారి నిమ్మరసం వాళ్లు దాని మీద కన్నేశారు. నాలుగింటికి గేటు మూసేలోగా కొట్టు అక్కడ నిలబడకపోతే వాళ్లకిచ్చేస్తానని నిర్వాహకుడు నోరిస్ ఫోన్లో తేల్చి చెప్పాడు. వెల్డాకి ఆ మూలలో అమ్మకాల మీద పెద్ద ఆశ లేదు. కుర్చీ వేసుకుని గుర్రాల్ని చూడాలని లమార్ చలికాలమంతా అంటూనే ఉన్నాడు. వచ్చే ఏడాది మాట అతను ఒక్కసారీ ఎత్తలేదు. అతన్ని అక్కడ కూర్చోబెట్టాలి, అంతే.

స్నేక్ నది వంతెన ముందు కంకర జాగాలో బండి ఆపింది. ఇవతల ఐడహో రాష్ట్రంలో రెండు ట్రైలర్లు లాగొచ్చు. వంతెన దాటితే చట్టం ప్రకారం ఒక్కటే లాగాలి. అందరూ ఇక్కడే వెనకది విప్పి, ముందుదాన్ని దాటించి, మళ్లీ వచ్చి రెండోదాన్ని తీసుకెళ్తారు. ఒకరు కాపలా ఉండాలి. ఓసారి ఉండకపోతే గ్యాసు పొయ్యిలు ఎత్తుకుపోయారు. ఎప్పుడూ లమార్ వెళ్లేవాడు, వెల్డా ఊలు అల్లుకుంటూ కూర్చునేది.

"ఇవాళ్టికి ఇలాగే దాటించేద్దాం," అంది వెల్డా. "పావుగంట దారి. ఎవడు చూస్తాడు?"

"పట్టుకుంటే రెండూ అక్కడే ఆపేస్తారు. ఇంక మూలా లేదు, గుర్రాలూ లేవు."

"పోనీ నువ్వు నాతో రా. కొట్టు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది."

"పొయ్యిలు పోతే అక్కడ ఏం వేయిస్తావ్, నీ మొహమా?" లమార్ అప్పటికే తలుపు తెరుచుకుని దిగుతున్నాడు. "కుర్చీ వెయ్యి, పిల్లా. నీడ బాగానే ఉంది."

వెల్డా చెక్క పెట్టి, జాకీ తిప్పి, కొట్టు ముక్కునున్న ఇనప టోపీని ఇంటి తోకనున్న ఇనప గుండు మీంచి లేపి, కొట్టు విప్పింది. నీళ్ల సీసా, పొద్దుటి సాండ్‌విచ్‌లో సగం అతని ఒళ్లో పెట్టింది.

"జాకీ జోలికెళ్లకు. ట్రక్కు గుండు ఇంటి గుండు కంటే జానెడు ఎత్తు, తెలుసుగా. నేనొచ్చి కొట్టు లేపుకుంటా."

"వెళ్లవే, టైమైపోతోంది."

అద్దంలో అతను టోపీ ఎత్తి చూపించడం కనిపించింది. తర్వాత ఇల్లు అడ్డమొచ్చింది.

జాతర మైదానంలో ఇంటిని దించుతుంటే నోరిస్ వాచీ చూసుకుంటూ వచ్చాడు.

"ఇల్లు తెచ్చావు సరే, కొట్టేది?"

"వస్తోంది. ఆ మూలలో ఎవర్నీ దించకు."

"నాలుగింటి దాకా చూస్తా వెల్డా. ఆ తర్వాత నా చేతుల్లో లేదు. లమార్ ఎలా ఉన్నాడు?"

"ఎలా ఉంటాడు, కుర్చీలో కూర్చుని నాకు పనులు పురమాయిస్తున్నాడు."

తిరిగొచ్చేటప్పుడు వంతెన మీంచే కుర్చీ కనిపించింది. టోపీ కళ్ల మీదికి వాలి ఉంది. నిద్రపోయాడు, ఈ కాసేపైనా నస తప్పిందనుకుంది. ఇంకాస్త ఎడమకి, ఇంకాస్త కుడికి అని చెయ్యి ఊపే మనిషి లేకుండానే రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ జరిపి ట్రక్కుని కొట్టు ముందుకు తెచ్చింది. దిగి చూసింది. కొట్టు ముక్కున ఉండే ఇనప టోపీ ట్రక్కు గుండుకి సరిగ్గా రెండు వేళ్ల ఎత్తున నిలబడి ఉంది. తను వదిలి వెళ్లినప్పుడు జానెడు కిందుగా ఉంది.

ముందు కోపం వచ్చింది.

"నిన్నేమన్నాను నేను? చెప్తే విని చావవు కదా," అంటూ కుర్చీ దగ్గరికి నడిచింది. సాండ్‌విచ్ ముట్టలేదు. కుడి అరచేతికి జాకీ పిడి గ్రీజు నల్లగా అంటుకుని ఉంది. ఆ చెయ్యి పట్టుకుని ఊపింది. ఇంకొంచెం గట్టిగా ఊపింది.

తర్వాత కంకర మీద కూలబడిపోయింది. దొంగతనంగా దాటించి ఉంటే పక్క సీట్లో ఉండేవాడు. పక్క సీట్లోనైనా పోయేవాడు. వెల్డా అతని మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. వంతెన మీద బండ్లు పోతూనే ఉన్నాయి.

అంబులెన్సు వచ్చి అతన్ని ఎక్కించుకుంది. వెంట వచ్చిన షెరీఫ్ మనిషి, చిన్న వయసు పోలీసమ్మాయి, టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"నా కార్లో రండమ్మా. కొట్టు ఇక్కడే ఉండనివ్వండి, నేను చూసుకుంటాను."

"లేదు," అంది వెల్డా. "దీన్ని ఆ మూలలో నిలబెట్టి వస్తాను. అందుకే కదా ఆయన ఈ పని చేసింది. మీరు వెనక లైట్లు వెలుగుతున్నాయేమో చూసి చెప్పండి, చాలు."

జాకీ కిందికి తిప్పింది. ఇనప టోపీ గుండు మీద మొదటిసారికే కూర్చుంది. పిన్ను దించింది. మోకాళ్ల మీద కూర్చుని గొలుసులు ఒకదాని కిందుగా ఒకటి అడ్డంగా తగిలించింది. కుర్చీ మడిచి పక్క సీట్లో పెట్టింది. లైట్లు వెలుగుతున్నాయని ఆ అమ్మాయి చెయ్యి ఊపింది.

ట్రక్కు కదిలేముందు వెల్డా కాసేపు ఆగింది. ఈ పాటికి ఎవరో ఏదో అడగాలి. ఏమిటో గుర్తు రాలేదు. వంతెన ఎక్కింది.

ఇవతల కంకర మీద, నడుమ గుండ్రటి గుంటతో, దేవదారు చెక్క ఉండిపోయింది.