గట్టి రబ్బరు

పలాస ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. "గురువారం రాలేదు మీరు. రేపు సోమవారం కూడా రాకపోతే ఇంక మా చేతుల్లో ఏటీ ఉండదు, మేష్టారూ." వస్తామని చెప్పి పెట్టేశాను. ఎలా వస్తామో నాకే తెలియదు. మా ఆవిడ ఉమామహేశ్వరి కారెక్కనని భీష్మించుకు కూర్చుంది. ఆవిడ ఎక్కకపోవడానికి కారణం నేనే.

నా పేరు చంద్రమౌళి. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పాను. పిల్లలు నా వెనక మొండి మౌళి అనుకునేవారు, అందులో అబద్ధమేమీ లేదు. ఉద్దానంలో ఎందరికో పోయినట్టే మా ఆవిడకీ కిడ్నీలు పోయాయి. వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊరి నుంచి వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. ఒకసారి బస్సులో కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పట్నుంచి మా పదిహేడేళ్ళ డీజిల్ కారే మాకు దిక్కు.

ఆ కారు స్టార్టు చేస్తే చాలు, సీట్లూ అద్దాలూ మన పళ్ళూ కలిపి వణికేవి. కాశీబుగ్గలో మెకానిక్ పైడిరాజు బానెట్ ఎత్తి చూసి మౌంటింగులు పోయాయన్నాడు. ఇంజను ఆ మూడు రబ్బరు దిమ్మల మీదే కూర్చుంటుంది. దాని అదురు కారుకి తగలకుండా అవి మింగేస్తాయి. మావి మూడూ చిరిగిపోయి ఇనుము ఇనుముకి కొట్టుకుంటోంది.

"కంపెనీ రబ్బరు తెప్పిత్తాను మేష్టారూ. మెత్తగుంటాది."

"మెత్తగుంటే రెండేళ్ళకి మళ్ళీ చిరుగుతుంది. కొబ్బరికాయల వ్యాన్లకి గట్టి రబ్బరు కోసి వేస్తావు కదా, అదే వెయ్యి. ఈ జన్మలో మళ్ళీ విప్పక్కర్లేకుండా ఉండాలి."

"కాయలకి నొప్పి తెల్దు మేష్టారూ. మనిసికి తెలుత్తాది."

"ఎనిమిదో తరగతిలో కూడా నువ్విలాగే వాదించావు. ఏమయింది?"

ఆ ఏడు వాడు నా సబ్జెక్టులోనే తప్పాడు. ఇప్పుడు నలభై దాటినా, సొంత షెడ్డు ఉన్నా, నా ముందు చేతులు కట్టుకునే నిలబడతాడు. చెప్పిన రబ్బరే కోసి వేశాడు. పంతులుగారి మాట కాదనలేక వాడు చేసిన పని అది. కాదనలేడని తెలిసి చేయించిన పని నాది.

ఇంజను ఊగడం మానేసింది, నిజమే. కానీ దాని ప్రతి అదురూ గట్టి రబ్బరు మీదుగా నేరుగా సీట్లోకి వచ్చేసేది. పోయిన సోమవారం వెళ్ళేటప్పుడు ఉమ పెదవి బిగించి కూర్చుంది. అలవాటవుతుందిలే అన్నాను. డయాలసిస్ అయ్యి తిరిగొస్తుంటే రైలు గేటు పడింది. ఇంజను ఆపితే మళ్ళీ అందుకోదేమోనని ఆపలేదు. పావుగంట అలా అదిరిపోతూ కూర్చున్నాం. సూదులు తీసిన చోట కట్టు తడిసి, ఉమ ఎడమ చేతి నుంచి రక్తం చీర మీదికి కారింది. ఆవిడ కుడిచేత్తో నొక్కి పట్టుకుంది. నేను గేటుమనిషిని తిట్టాను, గూడ్సు బండిని తిట్టాను.

గురువారం పొద్దున్న తయారవమంటే ఆవిడ మంచం మీంచి లేవలేదు.

"నేను రానండీ."

"ఆటో మాట్లాడతాను. ట్యాక్సీ పిలుస్తాను."

"ఏ బండీ ఒద్దు. నన్నొదిలెయ్యండి."

అరిచాను. బతిమాలాను. ఆవిడ అన్నయ్య చేత ఫోన్లో చెప్పించాను. గోడవైపు తిరిగి పడుకుంది. శనివారానికి పాదాలు పొంగి చెప్పుల్లో పట్టలేదు. ఆదివారానికి పడుకుంటే ఊపిరి ఆడక, దిండ్లు ఎత్తుపెట్టుకుని కూర్చునే నిద్రపోయింది. నాకు భయం వేసింది. ఇంత భయం నా జన్మలో వేయలేదు. ఆవిడ మనసు ఎలా మార్చాలో నాకు తెలియదు. కారు మార్చడం ఒక్కటే తెలుసు. నర్సు ఫోన్ పెట్టగానే తాళాలు తీసుకుని కాశీబుగ్గ పోయాను.

ఆదివారం షెడ్డు మూసి ఉంది. పైడిరాజు ఇంటికి వెళ్ళి, వాడు అన్నం ముందు కూర్చుని ఉండగా గుమ్మంలోంచే చెప్పాను. "తప్పు నాదిరా. నువ్వే రైటు. రేపు పొద్దున్న తొమ్మిదింటికి మా ఆవిడ పలాసలో ఉండాలి. లేకపోతే నాకు దక్కదు."

వాడు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. టెక్కలిలో స్పేర్ల షాపాయన్ని ఇంట్లోంచి లేపి, మెత్తని మౌంటింగులు మూడూ పట్టుకొచ్చేసరికి పొద్దు వాలుతోంది. జాకీ మీద చెక్క పెట్టి ఇంజన్ని కింద నుంచి ఎత్తాడు. నేను బలవంతాన వేయించిన గట్టి దిమ్మలు ఒక్కొక్కటే ఊడదీశాడు. కొత్తవి పెట్టి బోల్టులు సగమే తిప్పి వదిలేశాడు.

"బిగించెయ్యరా, టైము లేదు."

"మాట్లాడకండి మేష్టారూ." వాడు నన్ను గద్దించడం అదే మొదలు. "ఒదులుగా ఉన్నప్పుడే స్టార్టు సెయ్యాల. ఇంజనే కదిలి కదిలి దాని సోటు అది సూసుకుంటాది. అప్పుడు బిగించాల. ముందే బిగిత్తే రబ్బరు మెలి తిరిగిపోద్ది."

వెనక్కి జరిగి కూర్చున్నాను. వాడు స్టార్టు చేశాడు, ఆగాడు, చేత్తో తడిమాడు, అప్పుడు బిగించాడు. "సూడండి, ఇప్పుడు గ్లాసుడు నీళ్ళెట్టినా తొణకవు," అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

సోమవారం ఏడింటికి కారు వాకిట్లోకి తెచ్చి ఇంజను ఆన్‌లోనే ఉంచాను. స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి బానెట్ మీద, అద్దానికి దగ్గరగా పెట్టాను.

"ఉమా, ఒక్కసారి వచ్చి చూడు. ఎక్కొద్దు. చూడు చాలు."

ఎంతసేపటికో గోడ పట్టుకుని వచ్చింది. మొహం ఉబ్బి ఉంది. నాలుగడుగులకే ఆయాసం. గ్లాసు అంచు దాకా నీళ్ళు, మధ్యలో సన్నటి అల తప్ప ఒక్క చుక్క తొణకడం లేదు. నేను పరీక్ష రాసిన కుర్రాడిలా ఆవిడ మొహం వంక చూస్తున్నాను. ఆవిడ కారుని చూడడం లేదు. నీళ్ళని చూస్తోంది.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. తాగిన నీరు డయాలసిస్‌లో తప్ప ఒంట్లోంచి పోదని, రోజుకి అర లీటరు దాటకూడదన్నారు డాక్టరు. ఆ అర లీటరూ కొలపాత్రతో కొలిచి, పొద్దున్న ఇంత, మాత్రలకి ఇంత అని పోసేది నేనే. లెక్కల మేష్టార్ని కదా. ఒక్క గుక్క ఎక్కువ అడిగితే కసురుకునేవాణ్ణి. అలాంటి మనిషి ముందు నిండు గ్లాసు పెట్టి చూడమన్నాను.

ఉమ గ్లాసు తీసుకుంది. రెండు చేతులా పట్టుకుంది.

"బండి మీద కోపం కాదండీ," అంది. "ఏడాదై దాహం. నిద్దట్లో కూడా దాహమే. మీరు కొలిచి పోస్తంటే, నేను ఇంకా బతకడం ఏటికనిపిస్తన్నాది. ఒక్కసారి గ్లాసుడు నీళ్ళు ఎవరూ ఏటీ అనకుండా తాగి పోతే చాలనుకున్నాను."

లాక్కోవాలి. చెయ్యి సగం దాకా వెళ్ళింది కూడా. ఇప్పటికే ఒంట్లో నీరు నిండి ఊపిరాడని మనిషి. కానీ ఆవిడ నా చేతి వంక చూసిన చూపుకి వెనక్కి తీసుకున్నాను. ఆ చూపు లాక్కుంటాడని తెలిసినవాళ్ళ చూపు.

"తాగు ఉమా," అన్నాను. "నేనేమీ అనను."

తాగింది. ఆత్రంగా కాదు, ఒక్కొక్క గుక్కా నోట్లో ఉంచుకుని, కళ్ళు మూసుకుని తాగింది. నేను కారుకి ఆనుకుని ఏడుస్తూ నిలబడ్డాను. ఇంజను ఎంత మెత్తగా తిరుగుతోందంటే, నా ఏడుపు నాకే వినబడుతోంది. ఆఖరి చుక్క దాకా తాగి, ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి, పమిటతో మూతి తుడుచుకుంది.

"ఇన్ని నీళ్ళు తాగీసేక ఇంక ఎల్లక తప్పదు కదా," అంది. "తలుపు తియ్యండి."