పుష్పవతి పేరున పలికిన బరువు

మామిడి సీజను వెనకబట్టాక లక్ష్మీనరసింహారావుకు పొద్దున్నే పెద్ద పనేమీ ఉండదు. కొట్టు తలుపులు తీయడం, కాయలు మాగేసే గదిలో మిగిలిన వరిగడ్డి ఊడ్పించడం, కాటా పలకను తడిగుడ్డతో తుడవడం. కరోనా వచ్చి వెళ్లాక వీటికి ఇంకో పని తోడైంది. తుడిచిన పలక మీద సానిటైజరు కొట్టేవాడు. కొట్టిన సీసాను ఇంకో సీసాలోని సానిటైజరుతో తుడిచేవాడు. ఆ రెండో సీసా ముట్టుకున్న చెయ్యి సంగతేమిటని ఆలోచిస్తూ ఒక్కోరోజు టిఫిను వేళ దాటించేవాడు. ఎవరైనా నవ్వితే, తాను పిరికివాణ్ణి కాదని, పిరికివాడికి ఇంత ఓపిక ఉండదని చెప్పేవాడు.

ఆ కాటాకు నూజివీడులో రెండు పనులు. సీజన్లో మామిడికాయలు తూచేది. మిగతా రోజుల్లో ప్రమాదం తూచేది. ఆపరేషనుకు వెళ్లేవాళ్లు, కాశీ బయల్దేరేవాళ్లు, కొత్త బైకు కొన్నవాళ్లు వచ్చి దాని మీద నిలబడేవాళ్లు. ముందు మనిషిని విడిగా తూస్తారు. పెట్టెను విడిగా తూస్తారు. తర్వాత పెట్టె పట్టుకున్న మనిషిని తూస్తారు. లెక్కకు మించి ఎంత తేలితే అంత ప్రమాదం. చిన్నరసం మామిడికాయంత తేలితే ఎవరూ లక్ష్యపెట్టరు, మైలవరం బస్సెక్కినా అంత ఉంటుంది. పెద్దరసమంత తేలితే దేవుడికి ఓ దణ్ణం పెట్టుకుని బయల్దేరతారు. బుట్టెడు కాయలంత తేలితే మాత్రం పెట్టె ఇంటికి పట్టుకుపోయి, పప్పుచారన్నం తిని పడుకుంటారు. కాటాకున్న కట్టుబాటు ఒక్కటే. ముల్లు నిలిచాక కొట్టు యజమాని పేరు పెట్టి గట్టిగా పలకాలి. ఎవరి పేరున పలికితే ఆ బరువు వాళ్లది. కాయలైనా అంతే, ప్రమాదమైనా అంతే.

ఆ ఏడాది జూన్‌లో విశాఖపట్నానికి విహారాల ఓడ వచ్చింది. విశాఖలో ఎక్కించుకుని, పుదుచ్చేరి, చెన్నై చూపించి, మళ్లీ విశాఖలో దించుతుందట. పుష్పవతి తమ్ముడు సుభాష్ బెజవాడ నుంచి ఫోన్ చేసి, తమ దంపతులకూ అక్కాబావలకూ కలిపి టికెట్లు తీసేశానన్నాడు. లక్ష్మీనరసింహారావు కాదనలేకపోయాడు. కిందటేడు సెకండ్ వేవ్‌లో భార్య బెజవాడ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంటే, బయట కారులో కూర్చుని వీడియో కాల్‌లో మాటిచ్చింది ఆయనే. పుష్పవతి సముద్రాన్ని చూసింది మంగినపూడిలో, అదీ చీలమండ లోతు దాటకుండా ఆయన మణికట్టు పట్టుకుని ఉండగా. "నువ్వు లేచి రా పుష్పా, నిన్ను ఓడెక్కిస్తాను," అన్నాడు. మన ఆంధ్రాకు ఓడ ఎప్పుడొస్తుందిలే అన్న ధీమా కూడా అందులో కొంత ఉంది. ఆమె లేచి వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఓడా వచ్చింది.

కేసులు మళ్లీ పెరుగుతున్నాయని టీవీలో చెప్పినప్పుడల్లా ఆయన సౌండు తగ్గించేవాడు, దాంతో కేసులూ తగ్గుతాయన్నట్టు. ఓడ అనగానే ఆయనకు వెయ్యిమంది ఒకే గాలి పీల్చి వదిలే మూసిన గది కనిపించేది. కిటికీ తెరుచుకోని క్యాబిన్. అందరూ పట్టుకునే సాంబారు గరిటె. లిఫ్టు బటన్. నడిసముద్రంలో ఆమెకు ఆయాసమొస్తే ఏ ఆసుపత్రి వైపు తిప్పమనాలి?

"బావగారూ, అక్కకు మూడు డోసులూ పడ్డాయి. ఎక్కేముందు అందరికీ టెస్టు కూడా చేస్తారు," అన్నాడు సుభాష్.

"టెస్టుకీ ఓడకీ మధ్య టీ తాగుతారు కదయ్యా. ఆ టీకొట్టు దగ్గర అంటుకుంటే?"

"తాగొద్దని చెప్తాను."

"వెయ్యిమందికీ చెప్తావా?"

పైకి ఇలా వాదించేవాడు గానీ, ఆయన్ను తినేస్తున్నది వేరే. ఆసుపత్రి బయట కారులో ఉన్నన్నాళ్లూ ఫోను మోగితే కళ్లు మూసుకుని ఎత్తేవాడు. పక్క కారులో ఉండే మనిషి ఒకరోజు ఫోనెత్తి, కారు దిగి, చెప్పులు లేకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆ చెప్పులు చీకటి పడేదాకా అక్కడే ఉన్నాయి. ఓడ మాటెత్తితే చాలు, లక్ష్మీనరసింహారావుకు ఆ చెప్పులే కనిపించేవి.

పుష్పవతి మాత్రం చక్రాల పెట్టె కొంది. ఎండకు టోపీ కొంది. అలవాటు కావాలని టోపీ పెట్టుకునే వంకాయలు తరిగేది.

ప్రయాణం ఇంకా పక్షం రోజులుందనగా ఇద్దరూ కాటా దగ్గరికి వచ్చారు. రెడ్డిగూడెం నుంచి చివరి కలెక్టరు మామిడికాయలు తెచ్చిన నాగేశ్వరమ్మ అక్కడే బల్ల మీద కూర్చుని ఉంది. ఆమె తోట కాయలు లక్ష్మీనరసింహారావు తండ్రి కాలం నుంచీ ఆ కొట్టుకే వస్తాయి. ముందు ఆయన నిలబడ్డాడు, చిన్నరసమంత తేలింది. తర్వాత పుష్పవతి టోపీతో సహా ఫొటోకు నిలబడ్డట్టు నిలబడింది. ముల్లు ఊగి ఊగి పెద్దరసం దగ్గర ఆగబోయింది.

పెద్దరసమంటే వెళ్లొచ్చు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె మొహం అప్పటికే విప్పారుతోంది. సరిగ్గా అప్పుడే ఆయనకు చెప్పులు కనిపించాయి. కుడికాలి బొటనవేలు ఆయన్ను అడక్కుండానే పలక అంచు దగ్గరికి పాకింది. తండ్రి దగ్గర పని నేర్చిన వేలది. రైతుల కాయలు తూచేటప్పుడు పలకను అడుగునుంచి ఓ పిసరు పైకెత్తడమే దానికి తెలుసు. కిందికి నొక్కడం అదే మొదటిసారి. నొక్కింది. ముల్లు బుట్టెడు దాకా పోయింది.

"పుష్పవతి పేరున, బుట్టెడు," అని పలికాడు.

ఆమె టోపీ తీసి పెట్టెలో పెట్టి, పెట్టెను ఈడ్చుకుంటూ ఇంట్లోకి వెళ్లింది. చాలా రోజుల తర్వాత ఆయనకు కంటినిండా నిద్ర పట్టింది.

మర్నాడు పెరట్లో తడిమట్టి మీద ఆమె అడుగులు చూశాడు. నీళ్లు నిలిచేంత లోతుగా దిగబడ్డాయి. ఉయ్యాలబల్ల మీద కూర్చుంటే గొలుసులు మూలిగాయి. వడియాలు పెడదామని మేడ ఎక్కబోయి సగం మెట్ల దగ్గరే కూలబడింది. ఆ ఆయాసం చూసి ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. వేలికి ఆక్సీమీటరు పెట్టాడు, టెస్టు చేయించాడు, ఎక్స్‌రే తీయించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరు గారు ఊళ్లో పాతమనిషి కనుక, కాటా మీద ఏమన్నా పలికారా అని అడిగి, మందు రాయకుండానే పంపించేశారు.

బరువొక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేవారు. ఆయన ఆమెను ఓడ వరకే భయపెడదామనుకున్నాడు. ఆమె పాలప్యాకెట్‌కు కూడా భయపడింది. కూరగాయల బజారు మానేసింది, పక్కింటి పేరంటం మానేసింది. ఉక్కలో కిటికీలన్నీ మూసుకుని కూర్చునేది. ఎందుకే అంటే, "బుట్టెడుందిగా అండీ," అనేది. కొట్టులోని సానిటైజరు సీసాలు రెండూ ఆమె మంచం పక్కకు చేరాయి. రెండో సీసా ముట్టుకున్న చెయ్యి సంగతేమిటని ఒకరోజు ఆయన్ను నిజంగానే అడిగింది. ఆమె టోపీ ఎక్కడుందని వెతికితే, పెట్టె అడుగున నలిగిపోయి కనిపించింది.

కాయల లెక్క చూసుకోవడానికి వచ్చిన నాగేశ్వరమ్మ, లోపలికి వెళ్లి పుష్పవతిని చూసి, బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం నరసింహం, ఆ పిల్లని ఏం చేశావు?"

"నేనేం చేశానండీ. ముల్లు చూపించింది, నేను పలికాను."

"నీ వేలు నాకు తెలియదనుకున్నావా? మీ నాన్న వేలికి మా అత్తగారు కాయలిచ్చుకుంది, నీ వేలికి నేనిచ్చుకున్నాను. మావి కాయలే కదా పోయింది, పోనీలే అనుకున్నాం."

ఆయన తల దించుకుని, దీనికిప్పుడు ఏం దారి అని అడిగాడు. పలికిన బరువు గాల్లో కలవదని, ఒక పేరు నుంచి ఇంకో పేరుకు మారడమే తప్ప వేరే దారి లేదని ఆమె చెప్పింది. కాయల లాట్లు అలా మార్చడం ఆయనకు కొత్తేమీ కాదు. అయినా ఆశ చావక, ఎవరి పేరుకు మార్చమంటారని అడిగాడు. నాగేశ్వరమ్మ ఆయన కాలివంకే చూసింది.

పుష్పవతిని మెల్లగా నడిపించుకొచ్చి కాటా పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. వేలి సంగతి ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది.

"నా మీద కూడానా?" అంది ఆమె.

ఆయన కాటా ఎక్కాడు. మొత్తం తన పేరుకు మార్చేసుకుంటానని, ఆమెకు చిన్నరసమంత కూడా ఉంచనని అన్నాడు.

"వద్దు. అందులో పెద్దరసమంత నాది. నాది నాకుంచండి, నేను మోసుకుంటాను. మిగిలింది మీరు తీసుకోండి."

"లక్ష్మీనరసింహారావు పేరున, పెద్దరసం పోగా బుట్టెడు," అని పలికాడు. మోకాళ్లు వంగిపోయాయి. కాటా దిగేసరికి పాదం కింద నాపరాయి పగిలింది. పుష్పవతి కుర్చీ చేతుల ఆసరా తీసుకోవడం మరిచిపోయి లేచి నిలబడింది. లేచిన మనిషి సరాసరి వెళ్లి కిటికీలు తీసింది.

టికెట్లు సుభాష్ రద్దు చేయలేదు, అక్క సంగతి తనకు తెలుసన్నాడు. విశాఖ రేవులో టెస్టులయ్యాయి. ఎవరెవరు టీ తాగుతున్నారో లక్ష్మీనరసింహారావు రెండు మాస్కుల మీదుగా కనిపెడుతూనే ఉన్నాడు. ఓడకు వేసిన ఇనప వంతెన మీద ముందు సుభాష్ దంపతులు వెళ్లారు, వాళ్ల వెనక టోపీ సరిచేసుకుంటూ పుష్పవతి వెళ్లింది. ఆయన కాలు పెట్టగానే వంతెన కుంగి కీచుమంది. తెల్లబట్టల సిబ్బంది ఆయన్ను వెనక్కి దించి, పెట్టె తీసుకుని మళ్లీ ఎక్కించారు. మళ్లీ కుంగింది. వాళ్లలో పెద్దాయన చేతులు జోడించి సారీ సార్ అన్నాడు. వరసలో వెనకున్న ఒకావిడ, వాళ్ల మామయ్యకూ ఇంతేనని, ఆయన కూర్చుంటే విమానం లేవలేదని ఓదార్చింది.

పుష్పవతి వంతెన మీదనుంచి వెనక్కి చూసింది. పెళ్లయ్యాక ఆయన లేకుండా ఆమె ఆగిరిపల్లి కూడా వెళ్లి ఎరగదు. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఒక్క అడుగుతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇంక నోరు మెదపకుండా ఉంటే చాలు, మనిషి దిగి వచ్చేస్తుంది. ఇద్దరూ కలిసి కారెక్కి ఇంటికి పోవచ్చు.

"వెళ్లు పుష్పా," అన్నాడు. అని, ఆ మాట అన్నదెవరా అని చుట్టూ చూశాడు.

"బీపీ మాత్ర మర్చిపోకండి," అంది ఆమె. అని పైకి వెళ్లిపోయింది.

ఓడ కనుమరుగయ్యేదాకా నిలబడి, రేవు దగ్గర లాడ్జిలో కింది అంతస్తు గది తీసుకున్నాడు. సముద్రం మధ్యలో సిగ్నల్ ఉండదని సుభాష్ ముందే చెప్పాడు. ఫోను మోగకపోతే గుండె ఆగినంత పనయ్యేది, మోగితే ఇంకా భయమేసేది. ఇంటికి అప్పిస్తామనేవాళ్ల ఫోను, కారు ఇన్సూరెన్సు ఫోను, అన్నీ కళ్లు మూసుకునే ఎత్తాడు. గది బయట ఎవరివో చెప్పులు విడిచి ఉంటే, వాటి మనిషి వచ్చి తొడుక్కుని వెళ్లేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఓడ తిరిగొచ్చింది. పుష్పవతి ఎండకు కమిలి, పెదవులు ఉప్పుదేరి, నవ్వుతూ దిగింది. ఆయన పెట్టె అందుకోబోతే చేతులు తగిలాయి. ఆమె చెయ్యి కాలిపోతోంది.

"దగ్గరికి రాకండి," అంది. "వచ్చినట్టుందండి."

టెస్టులో రెండు గీతలు పడ్డాయి. ఇంటికి చేరాక, కాయలు మాగేసే గదికి రెండు వైపులా కిటికీలున్నాయని ఆమె తానే ఆ గది తీసుకుంది. ఆయన గది బయట చెక్క కుర్చీ వేసుకున్నాడు. ఆయన బుట్టెడు బరువుకు కుర్చీ, ఊపిరి తీస్తే ఓ కిర్రు, వదిలితే ఓ కిర్రు. ఆక్సిజన్ ఎంతుందని తలుపులోంచి అడిగేవాడు. ఆమె చెప్పిన అంకె నమ్మకం కుదరక మళ్లీ పెట్టుకోమనేవాడు. వరిగడ్డి వాసన వస్తోందా, మామిడి వాసన వస్తోందా అని అడిగేవాడు. జ్వరం పెరిగిన రోజు ఆమె దగ్గుకు, దగ్గుకు మధ్య ఎంత ఎడముందో లెక్క పెట్టుకుంటూ, తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాడు. ఆ రోజు కుర్చీ కోడు ఒకటి చీలింది.

జ్వరం దిగుముఖం పట్టాక పుష్పవతి లోపలినుంచి ఓడ సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. ఆయన వద్దు, ఆయాసపడకు అనేవాడు. ఆమె ఆపేది కాదు.

"తెల్లారి పైకి వెళ్లానండీ. నాలుగు పక్కలా నీళ్లే. ఏ పక్క చూసినా మీరు లేరు. ముందు భయమేసింది. తర్వాత ఆకలేసింది."

సాంబారు గరిటె తానే పట్టుకున్నానని కూడా చెప్పింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నీళ్లలోంచి పిడికెడంత చేపలు రెక్కలు పెట్టుకుని ఎగిరాయని చెప్పింది. పేరు తెలియని ఒక ముసలావిడ, ఈమె ఒక్కతే నిలబడి ఉండటం చూసి తన పక్కన కుర్చీ లాగిందని, ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే సాయంత్రం దాకా కూర్చున్నారని చెప్పింది. పొద్దు క్రుంకేముందు సముద్రం రంగు మారుతూ మారుతూ ఎలా అయిందో చెప్పబోయి, దేనితో పోల్చాలో తెలియక తంటాలు పడింది. ఆ మధ్యాహ్నం ఆయన ఆక్సిజన్ అంకె అడగడం మర్చిపోయి, ఎలా అయింది, ఎలా అయిందని రెండుసార్లు అడిగాడు. ఆమె చెబుతూ చెబుతూ ఆగింది.

"ఉన్నారా అండీ?"

"ఇక్కడే ఉన్నాను. చెప్పు."

"కుర్చీ చప్పుడు వినపడకపోతే, లేచి వెళ్లారేమో అనుకున్నాను," అంది పుష్పవతి.