మూడు గీతలు, ఒక గొళ్లెం

ఆ దారం కండెలు పక్కన పెట్టి ఇట్లా దగ్గరికి జరగండమ్మా. గట్టిగా చెప్పుకునే మాట కాదిది.

చీరల అంగడి రమేషు నా మనవడని మీకు తెలుసు. తల్లి లేని పిల్లవాడని నేనే పెంచాను. వాడి భార్య సుచిత్ర హిందూపురం పిల్ల, కంప్యూటర్ చదువు చదివింది. ధర్మవరం వచ్చిన మూడేళ్లలో మా అంగడికి వెబ్‌సైట్ చేసింది, చీరలకు ఫోటోలు తీసింది, కొనేవాళ్ల ప్రశ్నలకు పొయ్యి దగ్గర నిలబడి జవాబులు పంపింది. ఎవరైనా మెచ్చుకుంటే రమేషు నవ్వేవాడు. "ఇంట్లో ఉత్తగానే ఉంటాది గదన్నా, వేళ్లు ఆడిస్తా ఉంటాది." ఆ మాట వింటే వాళ్ల తాత, మా ఆయనే మాట్లాడినట్టుండేది. మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోయిన ప్రతిసారీ, పాత కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే బూడిద అద్దుకొని మెలివేసి అతికేదాన్ని నేను. వేల పోగులు. చీర దిగాక ఆయన మాత్రం "నేను నేసిన చీర" అనేవాడు. ఆ మాటలు వింటూనే కదా వీడు పెరిగింది, నా ఒళ్లోనే.

మొన్న మార్చిలో ఒక మధ్యాహ్నం సుచిత్ర ల్యాప్‌టాప్ పట్టుకొని నా గదిలోకి వచ్చింది. ముఖంలో నెత్తురు లేదు.

"అవ్వా, హిందూపురంలో ఒక ఆఫీసోళ్లు పరీక్ష పెట్టినారు. ఈ పొద్దు సాయంత్రం నాలుగు కొట్టేలోపల పంపల్ల. బాగుంటే ఉద్యోగం. ఆయనకు చెప్పలేదు."

చెప్పకపోవడానికి కారణం నాకు తెలుసు. బయటివాళ్ల పని ముట్టుకుంటే ఆ ల్యాప్‌టాప్ తీసుకుపోయి అంగడి బీరువాలో పెడతానని వాడు అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. తల వంచుకొని బియ్యం ఏరుకున్నాను.

పరీక్ష ఏమిటో ఆ పిల్ల నాకు చూపించింది. వెబ్‌సైట్ నెత్తిన పేర్ల పట్టీ ఒకటి ఉంటుంది, ఏ పేరు నొక్కితే ఆ పేజీ. కంప్యూటర్లో పేర్లన్నీ వరసగా పరుచుకుంటాయి. ఫోన్లో చోటు చాలదు కాబట్టి మూడు అడ్డగీతల వెనక ముడుచుకుంటాయి, గీతలు నొక్కితే కిందికి దిగుతాయి. తెర ఎంతదైతే అంతకు ఆ పట్టీ ఒదగాలి. ఒదగడం గురించి నాకొకరు చెప్పాలా.

"నొక్కి చూడవ్వా" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కితే పక్కనున్నదేదో తెరుచుకుంది. కొసలు అరిగి చదునైపోయిన వేళ్లు నావి.

"నా వేలు దీనికి పనికిరాదులే."

"నీ వేలుకేమైందవ్వా? నేనే తప్పు చేసినా. నా వేలికి సరిపోయేట్టు ఆ గీతలు మరీ చిన్నగా పెట్టినా."

ఇన్నేళ్లలో ఎవరూ నా వేలి కోసం ఏదీ మార్చలేదు. ఆ పిల్ల మార్చడానికి కూర్చుంది. అప్పుడే వీధిలో రమేషు స్కూటర్ ఆగింది.

భయమేసింది. ఆ భయం నాకు పాతదే. యాభై ఏళ్ల కిందట పెనుకొండ నుంచి నాకొక ఉత్తరం వచ్చింది, అక్కడి ఆడపిల్లలకు పోగులు అతకడం నేర్పడానికి రమ్మని. చదవడం రాక ఆయన చేతికిస్తే చదివి వినిపించాడు. "నువ్వు పోతే నాకు అన్నం ఎవరు వండల్ల?" అని దాన్ని పొయ్యిలో పెట్టాడు. ఆ మంట మీదే నేను అన్నం వండాను.

"సుచీ, యాడుండావు? అన్నం పెట్టు."

సుచిత్ర ల్యాప్‌టాప్ మూయబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకెంత సేపు?"

"పది నిమిషాలవ్వా."

మా ఇంట్లో ఆడవాళ్లు పగలు లోపలి గొళ్లెం వేసుకోరు. వేస్తే ఏం దాస్తున్నావని అడుగుతారు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ గొళ్లెం ముట్టలేదు. మోకాళ్లు పట్టుకొని లేచాను. చేతులు వణికి రెండుసార్లు జారింది. మూడోసారి పడింది.

"అవ్వా, ఏం చేస్తాండారు లోపల? తలుపు తియ్."

 "పని చేస్తాండామప్పా. అన్నం గిన్నెలో ఉండాది, పెట్టుకో" అన్నాను.

వాడు తలుపు బాదాడు. ప్రతి దెబ్బా నా వీపులో దిగింది, తలుపుకు ఆనుకొని ఉన్నాను కదా. సుచిత్ర ఫోన్ నాకందించింది. నొక్కాను. పేర్లన్నీ మెల్లగా కిందికి దిగాయి. నాలుగుకు ఇంకా మూడు నిమిషాలుండగా పంపేసింది. అప్పుడు తలుపు తీశాను.

వారం రోజులు వాడు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ స్కూటర్ చప్పుడు వింటే తలుపు వైపు చూస్తాను. కానీ ప్రతి సోమవారం సుచిత్ర ఆ ఉద్యోగానికి హిందూపురం రైలెక్కుతుంది. ఆ ఉత్తరం సంగతి తనకు చెప్పాను, పెనుకొండ దాటగానే నాకు ఫోన్ చేస్తుంది. "దాటినా అవ్వా" అంటుంది, అంతే.

ఇది మనసులో పెట్టుకోండి. మీ పిల్లలకు చెప్పేటప్పుడు అవ్వకు ధైర్యమెక్కువని మాత్రం చెప్పకండి. చేతులు వణుకుతుండగానే గొళ్లెం వేసిందని చెప్పండి.