చివరి సీను చూడని సాక్ష్యం

క్రిస్టోఫర్ ఏడవగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. సొంత మేనమామ భూస్థాపన నాడు ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకుంటుంటే, ఈయన టెంటువాడిని పక్కకు పిలిచి కుర్చీలు తక్కువొచ్చాయని నిలదీశాడు. రాయైనా కరుగుతుందేమో గానీ ఈయన కరగడని భార్య ఎవాంజెలిన్ ఒకసారి అత్తగారి ఎదుటే అనేసింది. అత్తగారు కాదనలేదు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ లీడ్ ఆయన. ఎదుటివాళ్ళు చేసిన పనిలో తప్పులు వెతకడమే ఉద్యోగం కావడంతో, ఆ గుణం ఆఫీసు దగ్గర ఆగకుండా ప్రగతి నగర్‌లోని ఇంటిదాకా వెంట వచ్చేది.

అట్లాంటి మనిషి ఒక శనివారం పొద్దున పిల్లల బొమ్మల సినిమాకు వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చి ఊరుకుంటే కథే లేదు.

ఆ వారమంతా ఇంట్లో ఒక మాట తేలకుండా ఉంది. కూతురు జెస్సికా పదో తరగతి పూర్తి చేసింది. వాలీబాల్ బాగా ఆడుతుంది. వరంగల్‌లో ఒక అకాడమీ వాళ్ళు ఎంపిక చేశారు. ఆటా, ఇంటర్ చదువూ, హాస్టలూ అన్నీ అక్కడే. వస్తుందో రాదో కోచ్ వీరేశానికి ఆదివారం సాయంత్రంలోగా చెప్పాలి. మంగళవారమే జెస్సికా తండ్రిని అడిగింది. "చూద్దాంలేమ్మా, వీకెండ్‌లో మాట్లాడుకుందాం" అన్నాడు. ఆఫీసుల్లో ఈ మాటకు ఆ పని ఇక జరగదని అర్థం. ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న పిల్లకు ఆ సంగతి తెలియకపోలేదు. కానీ ఈసారి క్రిస్టోఫర్‌కు నిజంగానే ఏం చెప్పాలో పాలుపోలేదు. పంపితే ఇంట్లో ఉండలేడు. పంపకపోతే పిల్ల మొహం చూడలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

శుక్రవారం ఆఫీసు లిఫ్టులో ఆ సినిమా పోస్టరు కనిపించింది. సముద్రపు నీటికుక్కల కథ, రెండో భాగం. మొదటి భాగం వచ్చినప్పుడు జెస్సికా ఒకటో తరగతి. నీటికుక్కలు నీళ్ళ మీదే నిద్రపోతాయి. అలలకు విడిపోకుండా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయి. అది చూసి వచ్చాక ఆ పిల్ల ఏడాదిపాటు తండ్రి బొటనవేలు పట్టుకునే పడుకుంది. వదిలించుకోబోతే, "కొట్టుకుపోతవ్ డాడీ" అనేది.

అందుకని రెండు టిక్కెట్లు తీశాడు. నాన్న మనసు కాస్త మెత్తబడితే మంచిదేనని జెస్సికా మారు మాట్లాడకుండా వచ్చింది. మెత్తబడటం వల్ల కూడా నష్టాలుంటాయని ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది?

హాల్లో పిల్లలకన్నా పెద్దవాళ్ళే ఎక్కువున్నారు. ముందు వరసలో ఆఫీసులో తన మేనేజరు భాస్కర్ కనిపించాడు. పెళ్ళికాని మనిషి. "మా అక్క పిల్లల కోసం వచ్చానండీ" అన్నాడు అడగకుండానే. అక్క, పిల్లలు మిర్యాలగూడలో ఉంటారు.

మొదటి భాగం పిల్లల కోసం తీశారు. రెండో భాగం ఆ పిల్లలను సినిమాకు తీసుకెళ్ళినవాళ్ళ కోసం తీశారు. ఈ సంగతి పోస్టరు మీద వెయ్యలేదు. తండ్రి నీటికుక్క మాటిమాటికీ "నేను ముందెళ్ళి నీళ్ళెలా ఉన్నాయో చూసొస్తా" అని వెళుతుంది. వచ్చిన ప్రతిసారీ పిల్ల కాస్త పొడుగ్గా కనిపిస్తుంది. ఒకసారి అలవాటుగా చెయ్యి చాపితే పిల్ల చెయ్యే పెద్దదిగా ఉంది. అక్కడ క్రిస్టోఫర్ కుర్చీలో ముందుకు జరిగాడు. జెస్సికా మొదటి పాలపన్ను ఊడటం ఆయన వీడియో కాల్‌లో చూశాడు. ఆమె మొదటి మ్యాచ్ రోజు ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని ఆఫీసులోనే ఉండిపోయాడు. ఆ రిలీజ్ దేనిదో ఇప్పుడు గుర్తుకు కూడా రాలేదు.

తర్వాత తుఫాను వచ్చింది. తండ్రి పిల్ల చెయ్యి పట్టుకుని వదల్లేదు. కొండంత అలలు మీదికొచ్చినా వదల్లేదు. క్రిస్టోఫర్ కట్ట తెగింది. సొంత కళ్ళద్దాల మీద హాలువాళ్ళిచ్చిన త్రీడీ కళ్ళద్దాలు, రెండూ మసకబారాయి. రెండూ తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినకొద్దీ కళ్ళు కారాయి. అద్దాల్లేకపోతే ఆయనకు తెరంతా నీలి మరక. మళ్ళీ పెట్టుకునేసరికి పేర్లు పడుతున్నాయి. ముందు వరసలో భాస్కర్ ముక్కు చీదుతున్నాడు. పాప్‌కార్న్‌తో పాటు వచ్చిన కాగితం తీసి జెస్సికా తండ్రి చేతిలో పెట్టింది.

మర్నాడు ఆదివారం. బోరబండలో వాళ్ళు వెళ్ళే చర్చి సంఘం. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పుకోవడం ఆనవాయితీ. కష్టం గట్టెక్కినవాళ్ళు లేచి నలుగురిలో చెప్పుకుంటారు, కొందరు మ్రొక్కుబడి కూడా చేసుకుంటారు. చేసుకుంటే మాత్రం తప్పించుకోలేరు, ఎందుకంటే సంఘ పెద్ద మార్తమ్మ ఉంది. గుట్కా మానేస్తానని ఎప్పుడో మొక్కుకున్న బుల్లిబాబును ఇప్పటికీ ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర ఆపి, నోరు తెరిపించి చూశాకే లోపలికి వదులుతుంది.

ఎన్నడూ సాక్ష్యం చెప్పని క్రిస్టోఫర్ ఆ రోజు లేచాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవాంజెలిన్ కూర్చోమని సైగ చేసింది.

"ప్రభువు నామమున అందరికీ వందనాలండి. నిన్న నేనొక నీటికుక్కను చూశానండి."

అలవాటు కొద్దీ ఎవరో "ఆమేన్" అన్నారు.

కథంతా చెప్పాడు. ఆఫీసులో తప్పుల చిట్టా, అదే బగ్ రిపోర్టు చదివినట్టు ఒక్కొక్కటే, వరసతప్పకుండా చెప్పాడు. తుఫాను దగ్గరకొచ్చేసరికి ఆడవాళ్ళ వైపు ముసుగు అంచులు కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళాయి.

"అంత తుఫానులోనూ ఆ తండ్రి బిడ్డ చెయ్యి వదల్లేదండి. నేనూ వదలను. మా జెస్సికాను వరంగల్ పంపను. ఇది నా మ్రొక్కుబడి అండి."

హాలంతా హల్లెలూయ అంది. మార్తమ్మ తలాడించింది, అంటే మనసులో రాసుకుందన్నమాట. కూతురు సంతోషంతో ఏడుస్తుందనుకుని క్రిస్టోఫర్ అటు చూశాడు. జెస్సికా మొహంలో నెత్తురు చుక్క లేదు. చున్నీ తలమీదికి లాక్కుని లేచింది.

"అందరికీ వందనాలు. నేను గూడ గదే సిన్మా చూసిన. డాడీ పక్కనే కూసున్న. డాడీ లాస్ట్ సీన్ చూడలే. అద్దాలు తుడ్చుకుంటుండె."

క్రిస్టోఫర్ చెయ్యి అలవాటుగా కళ్ళద్దాల మీదికి వెళ్ళింది.

"తుఫాన్ తగ్గినంక ఇంకో సీన్ ఉంది. పండుకునేటప్పుడు బిడ్డ మెల్లగ చెయ్యి తీస్కుంటది. జర దూరం పోయి ఒక్కతే పండుకుంటది."

"కొట్టుకపోయిందా బిడ్డా?" మార్తమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"పోలే అమ్మమ్మా. నాచు ఒంటికి చుట్టుకుంది. గట్ల చుట్టుకుంటే ఎటూ కొట్టుకపోరు. అది నేర్పింది వాళ్ళ నాయినే, ఫస్ట్ పార్ట్‌ల."

"మరి ఆ తండ్రి?" అన్నాడు క్రిస్టోఫర్. సాక్ష్యం మధ్యలో ప్రశ్నలు అడగకూడదన్న సంగతి ఆయనకూ గుర్తులేదు, అడ్డుకోవాల్సినవాళ్ళకూ గుర్తులేదు.

జెస్సికా తండ్రి వైపు తిరిగింది. "తెల్లారేదాక మేల్కొనే ఉంటడు డాడీ. కానీ పిల్వడు."

ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు.

పాస్టర్ ఇశ్రాయేలు ఇరుకున పడ్డాడు. "బైబిల్ వాక్య ప్రకారం కూతురు మొక్కుకుంటే తండ్రి రద్దు చెయ్యొచ్చు బ్రదర్ క్రిస్టోఫర్. తండ్రి మొక్కుకుంటే కూతురు రద్దు చేసుడు ఎక్కడ లేదు. ఏం జేద్దామంటవ్?"

"తప్పు నాదేనండి" అన్నాడు క్రిస్టోఫర్. "చివరిదాకా చూడకుండా రిపోర్టు ఇచ్చేశాను. మా టీములో ఎవరైనా ఈ పని చేస్తే నేను ఊరుకోను."

మార్తమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. "గింత పరేషాన్ ఎందుకయ్యా? సగం సిన్మా చూసి మొక్కుకుంటివి, సగం మొక్కే తీర్చు. చెయ్యి వదలనన్నవ్ గద, వరంగల్ దాక పట్టుకొని పో. ఆడ వదులు. నడుమ వదిలినవో లేదో, నేను బిడ్డనే అడుగుత."

వాక్యంలో ఇది కూడా లేదు. అయినా పాస్టర్ వెంటనే ప్రార్థన మొదలుపెట్టేశాడు.

ఆ సాయంత్రం వీరేశానికి ఫోన్ చేసింది క్రిస్టోఫరే. తర్వాతి వారం తండ్రీ కూతుళ్ళు లింగంపల్లిలో రైలెక్కారు. మార్తమ్మ మాటంటే మాటే. పదోతరగతి దాటిన పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషిని చూసి, ఎదుటి సీటావిడ ఏ దవాఖానకని జాలిగా అడిగింది. జెస్సికా ఎడమచేత్తో పల్లీలు తింటూ నవ్వు ఆపుకుంది. కాజీపేట దాటాక నవ్వడం మానేసి, తండ్రి అరచేతిలోంచి బొటనవేలు వెతికి పట్టుకుంది. ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు.

హాస్టల్ గేటు దగ్గర క్రిస్టోఫర్ చెయ్యి వదిలాడు.

పిల్ల బ్యాగు భుజానేసుకుని లోపలికి నడిచింది. మెట్ల దగ్గర బూటు లేసు ఊడితే కట్టుకోవడానికి వంగింది. పిలిస్తే వినపడే దూరమే. ఆయన నోటిదాకా వచ్చింది పేరు. పిలవలేదు. కళ్ళద్దాలు మళ్ళీ మసకబారాయి. ఈసారి వాటిని తియ్యలేదు; ఆమె మెట్లెక్కి లోపలికి వెళ్ళేదాకా ఆ మసకలోంచే చూశాడు.