రొయ్యల చెరువు మీద రెండు చిప్‌లు

పటమటలో సైదావలి షెడ్డుకి ఒక పేరుంది. ఆయన చేసిన ఆటో స్టార్టర్ పెట్టె గట్టున ఉంటే చెరువు రైతు గుండె మీద చెయ్యేసుకుని పడుకోవచ్చు. పోయిన కరెంటు తిరిగి రాగానే, పెట్టె అర నిమిషం ఆగి ఏరియేటర్ మోటారును తనంతట తానే నడుపుతుంది. నడపకపోతే నీళ్ళలో గాలి చాలక తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలతాయి. ఆ పెట్టెకి బుర్ర వేలిగోరంత చిప్. దాన్ని ఇన్నేళ్ళూ చేసిన కంపెనీ ఇప్పుడు మానేసింది.

ఇంజనీరింగ్ చదివి షెడ్డు చూసుకుంటున్న కూతురు గుల్షన్, వేరే కంపెనీ చిప్ తెప్పించింది. అవే కాళ్ళు, అదే ప్రోగ్రామ్. పాతది పీకి ఇది పెడితే చాలు. పైన పటారం లోన లొటారం కాకుండా చూసుకోమన్నాడు సైదావలి.

చూసుకుంది. రెండు రకాల చిప్‌లనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి వేడిగాలి కొట్టింది, ఫ్రిజ్‌లో పెట్టింది, వోల్టేజి తగ్గించింది. అన్నిట్లోనూ కొత్తదే గెలిచింది. అర నిమిషం దగ్గరైతే పాత చిప్‌లు పెళ్ళిభోజనానికొచ్చే చుట్టాల్లా ఒకటి ముందు, ఒకటి వెనక. కొత్తవన్నీ ఒక్క క్షణానికే.

"మీ చిప్‌లకి టైమే తెలీదు నాన్నా," అని నవ్వింది.

సైదావలి పాత చిప్‌లు ఏరి డబ్బాలో వేసుకున్నాడు. తండ్రి నోరు మూయించినందుకు గుల్షన్‌కి లోలోపల సంతోషమే కలిగింది.

పామర్రు దగ్గర వెంకటసుబ్బారావు గారి చెరువులో రొయ్యలు పట్టుబడికి వచ్చాయి. గట్టు మీది ఎనిమిది పెట్టెలూ పాతబడ్డాయని, మధ్యాహ్నం తండ్రీ కూతుళ్ళు కొత్తవి బిగించారు. సుబ్బారావు గారు మెయిన్ ఆపి మళ్ళీ వేశారు. అర నిమిషానికి ఎనిమిది మోటార్లూ ఒక్కసారిగా హోరుమన్నాయి. గట్టు మీది షెడ్డులో బల్బు మసకబారింది. అంతలోనే అన్నీ ఆగిపోయాయి. కాసేపటికి మళ్ళీ అదే హోరు, మళ్ళీ అదే నిశ్శబ్దం.

సుబ్బారావు గారి భార్య రావమ్మ నీళ్ళకేసి చూస్తూ అడిగింది.

"రాత్రికి మా రొయ్యల సంగతేంటమ్మా?"

గుల్షన్ మెయిన్ ఆపేసింది. పాత పెట్టెలు తిరిగి తగిలించి మళ్ళీ వేసింది. ఒక మోటారు లేచింది, ఆగి ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. బల్బు కాస్త రెపరెపలాడి నిలబడింది. అప్పుడు వెలిగింది ఆమెకి. ఎనిమిదీ ఒకేసారి లాగితే ట్రాన్స్‌ఫార్మర్ ఓపలేక వోల్టేజి కుంగుతోంది, మోటారు కాలిపోకుండా పెట్టె ఆపేస్తోంది. తను బల్ల మీద ఏ చిప్‌కి ఆ చిప్‌నే పరీక్షించింది, ఒకే లైను మీద అన్నిటికీ మోటార్లు తగిలించి చూడలేదు. గట్టు మీద అవి గుంపుగా ఉంటాయని తట్టలేదు.

"మీవి టైము తప్పబట్టే చెరువు నిలబడింది నాన్నా. నేను నవ్వాను," అంది. కళ్ళు చెమర్చాయి.

"అవి తప్పుతున్నాయని నాకు మాత్రం తెలుసా? గట్టి సరుకనుకుని ఇన్నాళ్ళూ మురిసిపోయాను," అన్నాడు సైదావలి. చేతిలోని కొత్త పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది చెప్పిన మాట వింటుందిగా. ఆ తప్పేదో నువ్వే నేర్పు."

గుల్షన్ గట్టు మీదే లాప్‌టాప్ తెరిచి ఒక్కో కొత్త పెట్టెకి ఒక్కో ఆలస్యం రాసి, వాటిని మళ్ళీ బిగించింది. ఈసారి మెయిన్ రావమ్మ వేసింది. మోటార్లు ఒకదాని వెనక ఒకటి లేస్తుంటే సైదావలి వేళ్ళు మడుస్తూ నిలబడ్డాడు. ఎనిమిదో వేలు మడిచాక కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.