అంచులో మూడో చరణం

దర్జీ అమ్మమ్మ పొద్దున్నే మిషనుకు నూనె వేసి, కత్తెర ఎక్కడ పెట్టిందో చీటీలో చూసుకుని పని మొదలుపెట్టేది. కుడుతూ కూనిరాగం తీసేది. ఆ రాగం కుట్ల వెంట బట్టలోకి దిగి, తొడుక్కున్నవాళ్ళ ఒంటిమీద సన్నగా పాడుతుండేది. "నా చొక్కా గొంతు తగ్గింది, మరీ మాడబెట్టావేమిటయ్యా?" అని వీధివాళ్ళు ఇస్త్రీ అతనితో తగువు పెట్టుకునేవాళ్ళు.

ఈమధ్య ఆవిడకి మతిమరుపు ముదిరింది. కిందటి వారం పోస్టుమాను చొక్కాకి మూడు చేతులు కుట్టింది. అతను నవ్వి పట్టుకెళ్ళాడు గానీ, బస్సు కండక్టరుగా చేసే కూతురు నవ్వలేదు.

"ఇంక చాలమ్మా. పిల్ల గౌను కుట్టి ఆపెయ్. పోటీ అయిన మర్నాడు మిషను ఎదురు షాపతనికి ఇచ్చేస్తానని మాటిచ్చాను."

"నన్నడక్కుండానే?"

"అడిగాను. మూడుసార్లు. మర్చిపోయావ్."

అమ్మమ్మ మిషను చక్రం మీంచి చెయ్యి తియ్యలేదు.

పోటీ మనవరాలిది. పందొమ్మిది దేశాల పిల్లలు ఎవరి భాషలో వాళ్ళు పాడితే అన్ని దేశాల టీవీల్లోనూ వస్తుంది. పన్నెండేళ్ళ పిల్ల, కంఠం చక్కనిది. మూడో చరణం దగ్గరకొచ్చేసరికి మాత్రం మాట మాయమయ్యేది.

"అమ్మమ్మా, నీ జబ్బు నాకూ అంటుకుందా?"

"నోర్ముయ్. మూడో చరణం అంచులో కుట్టేస్తాను. గుర్తురాకపోతే అంచు పట్టుకుని విను. ముందే తొడుక్కుని తిరిగావంటే కొత్త కుట్టు గొంతు చెదురుతుంది, జాగ్రత్త."

నాలుగు రోజులు కూర్చుని కుట్టింది. పిల్ల సంగీతం టీచరుతో విమానమెక్కింది. అక్కడ దుస్తులు తనిఖీ చేసే ఆవిడ గౌను కాలరు చెవి దగ్గర పెట్టుకుని, "ఇంత సన్నగా పాడితే మైకుకి అందదులే" అని సంతకం పెట్టిందట.

అక్కడ సాయంత్రం అయితే ఇక్కడ మిట్టమధ్యాహ్నం. కూతురు సెలవు పెట్టి టీవీ ముందు కూర్చుంది. అమ్మమ్మ మెడలో టేపు తియ్యకుండానే పక్కన చేరింది. పిల్ల రెండు చరణాలూ గడగడా పాడేసింది. మూడోదానికి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. వాయిద్యాలు వాటి దారిన అవి పోతున్నాయి. పిల్ల చెయ్యి కిందికి జారి గౌను అంచు పట్టుకుంది. ఒక్క క్షణం తల వంచి వింది. కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత పాడింది.

"కండె చుట్టూ దారం తిరిగె,
పాప చుట్టూ నిద్దర తిరిగె..."

"అయ్యో, ఇది దాని పాట కాదే!" అంది అమ్మమ్మ.

కూతురు లేచి నిలబడింది. "నాది. నన్ను పడుకోబెట్టిన పాట. పిల్ల పుట్టినప్పుడు నేర్పమ్మా అని అడిగితే, ఒక్క ముక్కా గుర్తులేదన్నావ్."

"ఇప్పుడూ లేదే," అంది అమ్మమ్మ బిక్కమొహం వేసి. "అంచు కుట్టేటప్పుడు ఏం పాడానో ఏమిటో!"

చప్పట్లు కాస్త ఆలస్యంగా వచ్చాయి. ముందు వరసలో ఇద్దరు న్యాయనిర్ణేతలు ఆవలిస్తున్నారు. ముందుగా రాసిచ్చిన పాట మార్చకూడదని నియమం. పిల్లకి పదిహేడో స్థానం వచ్చింది.

మర్నాడు ఎదురు షాపతను తోపుడు బండితో వచ్చాడు.

"ఇవ్వడం లేదన్నా, ఏమనుకోకు," అని కూతురు అతన్ని గుమ్మంలోంచే పంపేసింది. లోపలికొచ్చి ఖాకీ బట్ట మిషను మీద పెట్టింది. "నా యూనిఫారం కుట్టు."

"మూడు చేతులొస్తేనో?"

"రానీ. టికెట్లు కొట్టడానికి రెండు చాలి చావట్లేదు."

అమ్మమ్మ టేపు అందుకుంది. కూతురు కొలతలకి చేతులు చాచి నిలబడి, నిన్న విన్న రెండు ముక్కలూ అందించింది. మిగతావి మిషను కదిలాక వాటంతటవే వచ్చాయి.

ఆ నెల నుంచి ఆ బస్సెక్కినవాళ్ళంతా నిద్రలో స్టాపులు దాటిపోతున్నారని డిపోకి ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి.