అటక మీద కొండచీపుళ్ళు

సత్యశ్రీ తల దువ్వడానికి నాకు రోజూ అరగంట పడుతుంది. ఉంగరాలు తిరిగిన ఒత్తయిన జుట్టు. కొబ్బరినూనె అద్ది, లాగి లాగి రెండు జడలు బిగించేలోపు మా అత్తగారు సింహాద్రమ్మగారు రోజూ అనే మాట అననే అంటారు.

"ఎక్కడిదే ఈ జుత్తు? మా వంశంలో ఎవులికీ లేదు. కొండోళ్ళ పిల్లనాగున్నాది."

శనగపిండిలో మీగడ కలిపి దాని మెడకి రుద్దే పని కూడా ఆవిడే నాకు అప్పగించారు. పదహారేళ్ళ కూతురి రంగు వదలగొట్టడం ఈ ఇంట్లో నా ఉద్యోగాల్లో ఒకటి. బీఏ ఫస్టుక్లాసులో పాసయ్యాను.

రెండువేల మూడులో సత్య ఇంటర్లో చేరింది. కాలేజీలో దాన్ని కొండప్రాంతపు పిల్లంటూ 'ఏజెన్సీ' అని పిలుస్తున్నారట. ఏడుస్తూ చెప్పలేదు. నిజమేమో అన్నట్టు నా ముఖంలోకి చూస్తూ చెప్పింది. "అమ్మా, నేనెవరి పోలిక?" అంది. "మా నాన్న పోలిక," అన్నాను. గోడమీది ఫొటోలో మా నాన్న తెల్లగా, నున్నటి జుట్టు పక్కకి దువ్వుకుని ఉంటాడు. సత్య ఆ ఫొటో వంక చూసి, తన జడ ముందుకి లాక్కుని చూసుకుంది.

నాన్న కొయ్యూరు అడవుల్లో ఫారెస్టు గార్డుగా ఉన్నప్పుడు జోగులమ్మ అనే కొండమనిషితో కాపురం చేశాడు. నాకు నాలుగేళ్ళప్పుడు బదిలీ అయింది. నన్ను మాత్రం కిందికి తెచ్చాడు. పిల్లల్లేని ఆయన భార్య, ఊరు మారి నర్సీపట్నం వచ్చి, నన్ను తన కడుపున పుట్టిన పిల్లనని చెప్పుకుని పెంచింది. నాన్న పోయేముందు ఈ సంగతి నా ఎదుటే మా ఆయనకి చెప్పాడు. మా ఆయన కేకలు వెయ్యలేదు. "మా అమ్మకి తెలిస్తే నీ చేతి నీళ్ళు ముట్టదు. నిన్ను కన్న ఆవిణ్ణి రావద్దనను. చీపుళ్ళు అమ్ముకునేదానిలా వెనకవాకిట్లోకి రానీ," అన్నాడు. అది తన పెద్దమనసని పన్నెండేళ్ళుగా నాకు గుర్తు చేస్తూనే ఉన్నాడు.

రెండు నెలలకోసారి సంతరోజున జోగులమ్మ కొయ్యూరు బస్సు దిగి, కొండచీపుళ్ళూ పసుపుకొమ్ములూ నెత్తిన పెట్టుకుని వస్తుంది. ఆవిడ పసుపు మా అత్తగారి దేవుడి గదిలోకి వెళ్తుంది. ఆవిడ మాత్రం మెట్టెక్కదు. "బాగున్నావా అమ్మా?" అంటుంది, అన్ని ఇళ్ళలోనూ అడిగినట్టే. నేనొక చీపురు తీసుకుంటాను. మా ఇద్దరి మధ్యా మాటలు అంతే.

మొన్న సంతనాడు ఆవిడ కట్ట దించుతుండగా సత్య వచ్చి నా పక్కన నిలబడింది.

"కొత్తిమీర దగ్గర కూడా బేరమాడతావు కదమ్మా, ఈవిడతో ఎప్పుడూ ఆడవేం? అటక మీద వాడని చీపుళ్ళు ముప్పై ఒకటున్నాయి. పొద్దున లెక్కపెట్టాను."

తర్వాత జోగులమ్మ వైపు తిరిగింది. కొంగు కింద నుంచి జారిన ఆవిడ తెల్లటి ఉంగరాల జుట్టు చూస్తూ, "నువ్వు మా అమ్మమ్మవా?" అంది.

అత్తగారు చేటలో బియ్యం వదిలేసి లేచారు. లోపల కుర్చీలో మా ఆయన పేపరు దించాడు.

జోగులమ్మ పకపకా నవ్వింది. "ఓలమ్మో, ఏటి పాపా ఆ మాట! నానేటి, నీకు అమ్మమ్మనేటి? పెద్దమ్మగారు మళ్ళీ నన్నీ వాకిలి తొక్కనిత్తారా? తీసుకుంటే తీసుకోండి, బేగి ఎల్లాల. బస్సుకి టైమైపోనాది."

"అదీ! బుద్ధున్న మనిషి," అన్నారు అత్తగారు. "పిల్లకే సదువెక్కువై మతి పోనాది."

మా ఆయన పేపరు మళ్ళీ ఎత్తుకున్నాడు.

అంతా సర్దుకుంది. నేను చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే. అది నాకు బాగా వచ్చిన పని. జోగులమ్మ వంగి తాడు విప్పుతోంది, ముడి చేతికి చిక్కడం లేదు. నన్ను కొండ దింపిన రోజున కూడా, నేను ఏడవకూడదని, ఇలాగే నవ్వి పంపిందేమో. సత్య ఆవిణ్ణి చూడటం మానేసి నన్ను చూస్తోంది. ఇప్పుడు ఊరుకుంటే ఊరుకోవడం కూడా ఇది నా దగ్గరే నేర్చుకుంటుంది.

"అత్తయ్యగారూ," అన్నాను, లోపలున్న మనిషికి కూడా వినపడేలా. "ఆవిడ అబద్ధం చెబుతోంది. నా కాపురం కోసం చెబుతోంది. నన్ను కన్నది ఆవిడే."